ఓడిపోయినాయన పేరు

“అన్నీ చెప్త మేడం. ఆయన పేరు మాత్రం చెప్ప,” అంది ద్వాలి.

షాహీన్ చేతిలోని దువ్వెన గాల్లోనే ఆగిపోయింది. కెమెరా ముందు కూర్చోవడానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయి. ఖమ్మంలో ఓ ఫంక్షన్ హాల్లో పెట్టిన, ఫోన్‌లో ఆడే కార్ల రేసు పోటీలో, టేకులపల్లి పక్క తండా నుంచి వచ్చిన ఈ ద్వాలి అందరినీ వెనక్కి నెట్టి గెలిచింది. ఇప్పుడు హైదరాబాద్ జట్టు మేనేజరు వెంకటకృష్ణ ఆమెను హాల్లో అందరి ముందూ ఇంటర్వ్యూ చేస్తాడు. మాట తీరు నచ్చితే జట్టులో చోటు, నెలనెలా జీతం. నచ్చకపోతే ఓ కప్పు, ఓ శాలువా, ఇంటి దారి. గెలిచినవాళ్లకు ఆ మాట తీరు నేర్పడమే షాహీన్ ఉద్యోగం.

“ఎందుకు చెప్పవు?”

“నా నోటికి రాదు మేడం.”

“ఓడినాయన పేరు తీసుకొని ఒక మంచిమాట చెప్పాల్నమ్మా. పెద్ద పెద్ద ఆటగాళ్లంతా గట్లనే చేస్తరు. చెప్పకుంటే పొగరనుకుంటరు.”

“అనుకోనీయుండ్రి.”

కారణం ఏమై ఉంటుందో షాహీన్ ఊహించుకోగలదు. ఫైనల్లో ఎదుటివాడు ఇల్లందు జట్టు లాలు. ఆడినంతసేపూ మైకులో అతనిదే నోరు. “జరుగు జరుగు! నీకు లైసెన్సు ఎవడిచ్చిండు?” అని ఒకసారి, “బ్రేకు ఏ దిక్కుంటదో తెల్వదు గానీ రేసుకొచ్చింది!” అని ఇంకోసారి. హాలంతా ఒకటే నవ్వులు. ద్వాలి కళ్లు మాత్రం ఫోన్ మీదే. ఆఖరి మలుపులో అతని కారును మర్యాదగా గోడకు ఆనించి, తన దారిన తాను వెళ్లిపోయింది. ఆ తర్వాత లాలు చెయ్యి కూడా కలపకుండా పోయి చివరి వరుసలో కూర్చున్నాడు, తనను ఓడించింది నెత్తి మీది ఫ్యానే అయినట్టు దాన్నే గుడ్లురిమి చూస్తూ.

అంత నోటిదురుసు మనిషి పేరెత్తాలని ఎవరికి మాత్రం ఉంటుంది? లోలోపల షాహీన్ ద్వాలి పక్షమే. కాకపోతే తనకు జీతమిచ్చేది లోపలి మాటలకు కాదు.

“సరే, అది తర్వాత చూద్దాం. కాలు ఊపకు. కెమెరా దిక్కు చూడు. ఎట్ల గెలిచినవంటే ఏమంటవ్?”

“ఆయనకు ఆడరాలే, నేను గెలిచిన.”

“తౌబా తౌబా! గట్లనొద్దు. పోటీ గట్టిగుండె, నా అదృష్టం కలిసొచ్చిందను.”

“అదృష్టమేంది మేడం? పొయ్యి మీద అన్నం పెట్టి, అది ఉడికేలోపల నాలుగు రేసులు ఆడేదాన్ని, దినాం. రెండుసార్లు అన్నం మాడింది కూడా.”

“గదే చెప్పు! గది మస్తుంది. మాడిన సంగతి మాత్రం వద్దు.”

ద్వాలి నవ్వింది. షాహీన్‌కు కాస్త ధైర్యమొచ్చింది.

“పోయినసారి గెలిచినాయన కెమెరా ముందు నెట్‌వర్కును తిట్టిండు, జడ్జీని తిట్టిండు. ఆఖరికి ఎవరికన్న థాంక్స్ చెప్పమంటే చార్జరుకు చెప్పిండు. ఇప్పుడు ఇంటికాడనే ఆడుకుంటున్నడు. నీకు గట్ల కావద్దు బిడ్డా. ఒక్కసారి నా ఎనకాల అను. ‘లాలు గారు మంచిగ ఆడిండ్రు.’ ఏం పోతది?”

ద్వాలి నోరు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపింది. ముఖం చెవుల దాకా కందిపోయింది. కోపం ఇంత లోతుకు దిగిందా అని షాహీన్ దువ్వెన సంచీలో పడేసింది.

ఇంటర్వ్యూ మొదలైంది. షాహీన్ చెప్పినట్టే ద్వాలి నిటారుగా కూర్చుంది. కాలు ఊపలేదు. అన్నం ఉడికేలోపు నాలుగు రేసుల సంగతి చెబితే హాలు చప్పట్లు కొట్టింది. “మధ్యలో నెట్‌వర్క్ ఇబ్బంది పెట్టిందా?” అని అడిగితే, “అందరికీ అదే నెట్‌వర్క్ గద సార్,” అంది. వెంకటకృష్ణ మెచ్చుకోలుగా కాగితం మీద ఏదో రాసుకున్నాడు. షాహీన్ తనే గెలిచినంతగా పొంగిపోయింది.

“ఫైనల్లో మీతో తలపడినవారి గురించి ఒక మాట?”

“మంచిగ ఆడిండు సార్. రెండో రౌండుల నన్ను శానా తిప్పలు పెట్టిండు.”

“పేరు చెప్పండి. చూసేవాళ్లకు తెలియాలి కదా.”

“మీరే చెప్పుండ్రి సార్.”

“మీ నోటితో చెబితే బాగుంటుంది.”

ద్వాలి తల దించుకుంది. హాల్లో గుసగుసలు లేచాయి. వెనక వరుసలో లాలు ఫ్యానును వదిలేసి మొదటిసారి స్టేజీ వైపు చూశాడు. వెంకటకృష్ణ పెన్నుకు మూత పెట్టేశాడు.

“ద్వాలి గారూ, మీ ఆట నచ్చింది, మాటా నచ్చింది. కానీ ఓడినవారి పేరు కూడా పలకనివాళ్లను మా జట్టులోకి తీసుకోం. ఎందుకండీ ఇంత పగ? సరైన కారణం ఉంటే చెప్పండి, ఇప్పుడే ఇక్కడే సంతకం పెడతాను.”

షాహీన్ కళ్లు మూసుకుంది.

ద్వాలి చున్నీ సర్దుకుని, కెమెరా వైపు సూటిగా చూసింది.

“పగేం లేదు సార్. ఓడిన కోపంల ఇంటిదాంక బండి జోరుగ తోలొద్దని మీరే ఆయనకు జర చెప్పుండ్రి, వెనక కూసునేది ఆయన పెండ్లాన్ని, నేనే.”