స్థలం చూడాలి

ఓవర్సీరు వచ్చి స్థలం చూస్తే తప్ప ఇల్లు కట్టడానికి పర్మిషన్ రాదు. ఆ ఓవర్సీరు మాత్రం రాడు.

ఆసుపత్రి నర్సు హన్నమ్మ పంచాయతీ బోర్డు ఆఫీసుకు ఎప్పుడు వెళ్లినా ఇదే తంతు. ఒకసారి వాయల్పాడు పోయినాడన్నారు. ఇంకోసారి పెద్దపంజాణి. మరోసారి ఊళ్లోనే ఉన్నాడు గానీ సైకిలుకు పంక్చరట.

ఆయన లేనప్పుడు గుమాస్తా రాజగోపాల్ ఉంటాడు. ప్లానులో వంటింటి పొగ ఎటు పోతుందో చూపించలేదని కాగితాలు తిప్పి ఇచ్చాడు.

"పొగ పైకే పోతాది గదప్పా" అంది హన్నమ్మ.

"అదే గీయించుకోని రామ్మా" అన్నాడు.

పొగ కూడా గీయించింది.

నవ్వుకునే ఓపిక ఆమెకు లేదు. క్రిస్మస్ దాటగానే ఉద్యోగం అయిపోతుంది, క్వార్టర్సు ఖాళీ చేయాలి. పుట్టిన ఊరు కుప్పంలో తనవాళ్లంటూ ఎవరూ మిగల్లేదు. పుంగనూరు రోడ్డు పక్కన, సుభాన్ అనే రైతు చేని వెనకాల ఉన్న ఆ కాస్త స్థలమే దిక్కు. చనిపోయిన పాస్టరుగారి భార్య దగ్గర కొన్నది. రోడ్డు మీంచి సుభాన్ చేలో పడి పోయే కాలిదారి ఒక్కటే దానికి దారి.

రెండో ప్రపంచయుద్ధం ముగిసినా సిమెంటు దొరకడం లేదు. సున్నంతోనే కట్టేద్దామన్నాడు మేస్త్రి వెంకటముని. వి.కోటలో ఇంకో పని ఒప్పుకున్నాడు కాబట్టి, పోయేలోపల పునాది తవ్విపెడతానన్నాడు. పర్మిషన్ రాకముందే తవ్వకూడదని తెలిసీ హన్నమ్మ సరేనంది.

ఎవరో బోర్డుకు చేరవేశారు. పని ఆపమని నోటీసు వచ్చింది. మేస్త్రి వి.కోటకు వెళ్లిపోయాడు.

ఆ తర్వాతే ముసలాయన రావడం మొదలైంది.

గళ్ల లుంగీ, తలకు టోపీ, చేతికర్ర. రోడ్డు దగ్గర బయలుదేరి, కాలిదారిన తోలుచెప్పులు ఈడ్చుకుంటూ పునాది దాకా వస్తాడు. కాస్త నిలబడతాడు. వెనక్కి తిరిగి రోడ్డు దాకా పోతాడు. మళ్లీ వస్తాడు.

ఇదేం నడక? బోర్డుకు చేరవేసింది ఈయనేనని హన్నమ్మ తేల్చేసుకుంది. కొత్తగా రాయి పడిందేమో, గోడ లేచిందేమో చూసి పోతున్నాడు.

"ఏం సాయిబూ, దినామూ ఈడికి యాల వస్తాండావు?"

"ఊరికేనమ్మా. కాళ్లు బిగుసుకుపోతాండాయి, నడస్తాండాను."

"నడిచేదానికి ఊళ్లో రోడ్లు లేవా?"

ఆయన కర్ర పొడుచుకుంటూ రోడ్డు వైపు నడిచాడు. మరునాడు మళ్లీ వచ్చాడు.

ఆవేళే రాజగోపాల్, సంతకం ప్లాను కింద కాదు, పక్కన ఉండాలని కాగితాలు మళ్లీ తిప్పి ఇచ్చాడు. హన్నమ్మ ఒళ్లు మండిపోయింది. గుమాస్తాను అనలేనిదంతా తెచ్చి ముసలాయన మీద కుమ్మరించింది. ఈ వయసులో చాడీలేమిటని, ఒంటరి ఆడదాని ఇల్లు చెడిపితే నీకేం ఒరుగుతుందని అడిగింది. ఆయన తలవంచుకుని విన్నాడు.

అంతటితో ఆమె కోపం చల్లారలేదు. కూలివాణ్ని పిలిచి, కాలిదారికి అడ్డంగా రేగుకంప వేయించింది.

అప్పుడు మాత్రం ముసలాయన నోరు విప్పాడు.

"నన్ను రావద్దంటే రానమ్మా. కంప వద్దు. మనుసులు తిరగతా ఉండాల."

"ఎవురూ తిరగబన్లేదు. ఆఫీసరు వచ్చేనాడు తీస్తాలే."

ఆయన మళ్లీ రాలేదు. హన్నమ్మ ప్రాణం కాస్త తెరిపిన పడింది. పని ఆగిన చోట తనకేం పనని తానూ అటు పోలేదు. ఈలోగా వానలు పట్టుకున్నాయి.

ఓవర్సీరు వచ్చాడు, అదీ చెప్పాపెట్టకుండా. వార్డులోంచి యూనిఫారంతోనే పరుగెత్తింది హన్నమ్మ. ఆమె చేరేసరికి ఆయన గొడుగు పట్టుకుని రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. పక్కన సుభాన్.

"స్థలం ఉండాది, సరే. దారి యాడమ్మా?"

చేయి చాపి చూపించింది. మోకాలెత్తు గడ్డి, మధ్యలో రేగుకంప. తను చూపిస్తున్నదేమిటో తనకే కనిపించలేదు.

ఇది మా చేను సార్, ఇందులో దారి ఏనాడూ లేదన్నాడు సుభాన్.

కంప వేయించింది తానేనని, దాని కింద దారి ఉందని హన్నమ్మ గొంతు పెంచింది.

"నీ దారైతే నువ్వే కంప యాల ఏస్తావమ్మా?" అన్నాడు ఓవర్సీరు.

స్థలం పత్రంలో దారి ఊసే లేదని, ఇక్కడ నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే రేపు ఆఫీసుకు తీసుకురమ్మని ఆయన చెప్పాడు. లేకపోతే ఇల్లు కట్టడం కుదరదన్నాడు.

మేస్త్రి ఊళ్లో లేడు, దినామూ నడిచినవాడు ఆ ముసలాయన ఒక్కడే. అన్ని మాటలన్నాక ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో హన్నమ్మకు తెలియలేదు. అయినా వెళ్లింది. సాయిబుల వీధిలో ముసలాయన గుర్తులు చెబితే, గాజుల అంగడి అతను ఒక ఇల్లు చూపించాడు.

తలుపుకు కట్టిన తెర వెనక నుంచి ఆయన భార్య మైమూన్ బీ పలికింది. వానలు మొదలైనప్పుడే జ్వరం వచ్చి ఆయన పోయాడంది.

హన్నమ్మ గడప ముందే కూలబడింది. ఎందుకొచ్చిందో చెప్పింది. కంప సంగతీ చెప్పి, క్షమించమంది.

మైమూన్ బీ తెర దగ్గరికి జరిగి కూర్చుంది.

"పాస్టరయ్యకు ఆ జాగా అమ్మింది మా ఆయనేనమ్మా. దారి నోటిమాటగా ఇచ్చినాడు. మొన్న చేను సుభాను పేరున రాసిచ్చినాక, వాడు దారే లేదనె."

తెర అంచు పట్టుకుని మిగతాదీ చెప్పింది.

"కన్నకొడుకు మింద ఆఫీసులో సాక్ష్యం చెప్పలేక, ఆఫీసరు వచ్చేదాకన్నా నీ దారిలో గడ్డి మొలవకూడదని తొక్కతా ఉండె."