తంగేడుకు రెండు కడవలు

నాయనా హజరత్తయ్యా,

మనవణ్ణి పూడ్చినచోట నాటిన తంగేడు నీళ్లు లేక ఎండిందని రాశావు. తప్పు. నీళ్లు ఎక్కువై వేరు కుళ్లింది. సముద్రపు ఇసుకలో, నడివేసవిలో! ఆ ఘనత నీ పెళ్లానిది. రోజూ రెండు కడవలు మోసుకెళ్లి పోసింది.

ఇవాళ వెంట వెళ్లి కసిరాను. "తంగేడుకు ఎవురన్నా నీళ్లు పోస్తారా, ప్రమీలా? రేపు సముద్రంలో ఉప్పు కూడా పోస్తావా?"

కడవ దించకుండానే అంది. "వాంతులు పట్టినప్పుడు గుక్కెడు నీళ్లని ఏడ్చినాడత్తా. తాగితే ఎక్కువవుతాయని నువ్వే ఈయనీలేదు."

 

శనివారం సంగం నుంచి ఇంటికి వచ్చేటప్పుడు ఒక అరటి పిలక తీసుకురా. ఎంత పోసినా తాగుతుంది. వేళ్లకు తడిగుడ్డ చుట్టు, దారిలో ఆరిపోనీయకు.