ఐదింటికే చీకటి

చీకటిని వెలుగుగా చూపడం నైపుణ్యమా, అబద్ధమా? కెమెరా వెనుక నిలబడిన పూర్ణచంద్ర తనను తానే ప్రశ్నించుకున్నాడు.

"ఆగిపోయావేంటయ్యా? డయల్ తిప్పు!" కాంట్రాక్టర్ బంగారురాజు గద్దించాడు. "ఆరింటి దాకా వెలుతురుంటుందని ఢిల్లీ సాబ్‌కి మాటిచ్చాను."

"అది మీ కాకినాడలో. ఇంత తూర్పున, ఈ దీవుల్లో డిసెంబరులో ఐదింటికే పొద్దు గుంకుతుంది."

"మీ దీవుల్లో సూర్యుడు కూడా గవర్నమెంటు ఉద్యోగే!"

పది సెకన్లకొక ఫొటో. అన్నీ కలిపితే పగలు రాత్రిగా మారే ఒక్క నిమిషం సినిమా. వెలుగు తగ్గేకొద్దీ డయల్ తిప్పి షట్టర్ తెరిచి ఉంచే సమయం పెంచుతూ పోవాలి. అలా పెంచితే బాంబూఫ్లాట్ ఊళ్లో సునామీ బాధితులకు కట్టిన ఈ కాలనీ రాత్రివేళ కూడా తేటగా కనిపిస్తుంది. తీగలు లాగి రెండేళ్లయినా ఒక్క ఇంటికీ కరెంటు రాలేదన్న సంగతి మాత్రం కనిపించదు. రేపు ఢిల్లీ అధికారి ఈ సినిమా చూసి, పని పూర్తయిందని సంతకం పెడితే ఇక ఎన్నటికీ రాదు.

ఎదుటి ఇంటి చీకటి గుమ్మంలో కూర్చున్న సీతాలు అడిగింది. "బాబూ, ఈ సీకట్లో మేం అగుపిస్తామేటి?"

"కనిపిస్తారమ్మా. ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచితే బాగా కనిపిస్తారు."

"అయితే ఆ డబ్బా మా వంటింట్లో ఎట్టించు భయ్యా. రెండేళ్లుగా సేప ముల్లు తడుముకుని తింతన్నాం."

"ఊరికే ఇల్లిస్తే కరెంటు కూడా కావాలా నీకు?" బంగారురాజు ఉమ్మేశాడు.

అతనిపై పూర్ణచంద్రకు ఏవగింపు కొత్తది కాదు. అతనికి పనికివస్తున్న తన వేలిమీద కలిగిన ఏవగింపు కొత్తది. ఆ వేలిని డయల్ మీదినుంచి తీసేశాడు.

చీకటి చిక్కబడింది. కెమెరా తెరమీద ఇళ్లు మసకబారాయి. కంగారుపడిన బంగారురాజు పరుగున వెళ్లి తన జీపును ఇళ్లవైపు తిప్పి, హెడ్‌లైట్లు వేశాడు. దిగి వాటి ముందుకొచ్చి చేతులూపాడు.

"ఇప్పుడు తీయి! పట్టపగల్లా రావాలి!"

"తీస్తున్నాను," అన్నాడు పూర్ణచంద్ర.

డయల్‌ను వెనక్కి తిప్పసాగాడు. ఎనిమిది సెకన్లు నాలుగయ్యాయి, రెండయ్యాయి, ఒకటయ్యాయి. తెరమీద పైకప్పులు పోయాయి. గుమ్మాలు పోయాయి. ఇంకా తిప్పి, ఒకచోట ఆపి, ఫొటో వెనుక ఫొటో నొక్కాడు. కాలనీ అంతా కటిక చీకటి. నడిమింటి గోడమీద రెండు జీపు దీపాల గుండ్రాలు, వాటి మధ్య చేతులూపుతున్న బంగారురాజు నీడ.