శాంతయ్య సాక్ష్యం

"తాతా, ఈ సీసాలో పసుపు మందేది?" కాలేజీకి బయలుదేరుతూ సుప్రియ కేక పెట్టింది. అది ఆమె ఆరు నెలల పని. ఈ పూటే సారుకు చూపించాలి.

"మోకాళ్ల నొప్పులకని తాగినా" అన్నాడు శాంతయ్య.

"మొత్తమా? రెండు చుక్కలు చాలు కదా!"

"రోజూ చెంచాడు పసుపు నీళ్లల్లో తాగితేనే తగ్గలేదు. చుక్కలకు తగ్గుతాదా?"

"పసుపు నీళ్లల్లో కరగదు తాతా, ఒంటికి పట్టదు. అందుకే కంటికి కనపడని నలుసులు చేసి కరిగించినాం."

రోజూ గ్లాసు అడుగున మిగిలిన పసుపును వేలితో తీసి నాకే శాంతయ్య, చీపురుపుల్లతో సీసా అడుగు గీకాడు. పుల్లకు ఏమీ అంటలేదు.

"నిజమే పాపా, అంతా కరిగింది!"

"ఇంక సారుకేం చూపించేది?" సుప్రియ కళ్లనీళ్లు పెట్టుకుంది.

శాంతయ్య చొక్కా తొడుక్కున్నాడు. "ఖాళీ సీసా తీసుకో, పోదాం. ముప్పై ఏండ్ల నుంచి చర్చిలో దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యం చెప్పేవాణ్ణి, అంతా కరిగిందని మీ సారు ముందర చెప్పలేనా?"