శవం నవ్వే షాటు

“అన్నా, ఇక లే. చచ్చింది చాలు!” అన్నాడు దర్శకుడు ఇళమారన్.

పిచ్చాండి పాడె మీదనుంచి కదల్లేదు. ఇద్దరు దొంగలు ఒక శవాన్ని దాచే చోటు దొరక్క మద్రాసంతా మోసుకు తిరిగే సినిమా అది. నవ్వుకు నవ్వు, వణుకుకు వణుకు. పిచ్చాండికి మాత్రం మాటల్లేవు. పాతికేళ్ళుగా తలుపు తీసే నౌకరుగా, తన్నులు తినే రౌడీగా నెట్టుకొచ్చినవాడికి సినిమా పొడుగునా ఉండే పాత్ర ఇన్నాళ్ళకు దొరికితే, అది కాస్తా శవమైంది. ఆ శవం పాత్రలో అతను జీవించాడు. ప్రాణం పెట్టి మరీ చచ్చాడు.

“నవ్వే షాటు తియ్యండి సార్, లేస్తాను.”

శవంగా పడుకున్నవాడు ఆఖర్న లేచి కెమెరాకేసి నవ్వాలి. అప్పుడే దోషం పోతుంది. కోడంబాక్కం స్టూడియోల్లో అందరూ పాటించే ఆచారమే.

“టైమ్ లేదన్నా. హీరో వెళ్ళిపోయాడు, కెమెరా సర్దేస్తున్నారు. దిష్టికి గుమ్మడికాయ కొట్టిస్తాలే.”

“గుమ్మడికాయ నవ్వదు కద సార్!”

యూనిట్టంతా గొల్లుమంది. పిచ్చాండి నవ్వలేదు.

“మా ఆవిడ వడివు ఈ వేషమే వద్దంది సార్. నవ్వి వస్తానని ఒట్టేస్తే పంపింది. పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నవ్వానని చెబితేనే తింటానంది. అసలే షుగరు మనిషి.”

“నవ్వానని చెప్పెయ్యవయ్యా! ఆవిడేమన్నా చూసిందా?” అన్నాడు కెమెరామన్ జెరాల్డ్.

“పాతికేళ్ళుగా నా నటన చూస్తోంది సార్. నమ్మదు.”

మళ్ళీ గొల్లు. ఇళమారన్ జెరాల్డ్ చెవిలో ఏదో ఊదాడు. జెరాల్డ్ తల ఊపి, పెట్టెలో పెట్టబోయిన కెమెరాను తిరిగి స్టాండెక్కించాడు.

“రోలింగ్! నవ్వన్నా!”

పిచ్చాండి లేచి కూర్చుని, ముక్కులో దూది పీకేసి, కెమెరాకేసి సూటిగా చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వాడు. మెడలో దండ ఊగేలా, కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. అసిస్టెంట్లు నోళ్ళకు చేతులడ్డం పెట్టుకున్నారు.

“కట్! అదిరిందన్నా! అవార్డు నీకే!”

“మీ దయ సార్,” అని దణ్ణం పెట్టి పాడె దిగాడు పిచ్చాండి.

ఇంటికొచ్చేసరికి వడివు గుమ్మంలోనే నిలబడి ఉంది. పెదాలు ఎండిపోయాయి.

“నవ్వారా?”

“నవ్వాను.”

“ఒట్టు?”

“నీ మీదొట్టు.”

“కెమెరా చూసిందా?”

“చూడకేం? రెప్పెయ్యకుండా చూసింది.”

వడివు అతని మొహాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. మొహంలో గీత కూడా చెదరలేదు.

“నిజమే. అబద్ధమైతే ఈపాటికి దొరికిపోయేవారు. మీకు నటించడం ఎక్కడొచ్చు!”

ఆమె కంచం ముందేసుకుని చారన్నం కలుపుకుంది. ఆఖరి ముద్ద దిగేదాకా పిచ్చాండి ఎదురుగా కూర్చుని నవ్వుతూనే ఉన్నాడు.

కెమెరాకు మూత తియ్యలేదని అతను నవ్వకముందే చూశాడు.