కనక ఒప్పుకున్న సెట్టు

“ఇది కూడా కాదంట సావుకారూ” అన్నాడు గాసి.

కనక అప్పటికే పాట ఆపేసి, క్యాసెట్ బయటికి తీసి, చీరకొంగుతో తుడుస్తోంది. సర్వేశ్వరరావు తల పట్టుకున్నాడు. విజయనగరం నుంచి అరకు వచ్చి దుకాణం పెట్టాక ఎందరికో టీవీలూ టేప్‌రికార్డర్లూ అమ్మాడు గానీ ఇలాంటి బేరం ఎరగడు. పొద్దున్న డుంబ్రిగుడ జీపు దిగిన ఈ మొగుడూ పెళ్లాలు మధ్యాహ్నమైనా కదలడం లేదు.

“దీనికేటయ్యా తక్కువ? గోడలదిరిపోతన్నాయి కదా!”

“గోడలదరక్కర్నేదు బాబూ. గొంతు రావాల.”

ఊళ్లో అందరూ నవ్వినవాళ్లే. కిందటేడు వైజాగ్‌లో కొన్నాళ్లుండి వచ్చినప్పటి నుంచీ కనకకి ఈ పిచ్చి పట్టుకుందనీ, పట్నం గాలి సోకిందనీ అన్నారు. మొదట టూ-ఇన్-వన్ కొన్నారు. పాట రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటే అమ్మేశారు. తర్వాత మెకానిక్ చేత ఆంప్లిఫయరూ రెండు స్పీకర్లూ కట్టించుకున్నారు. అందులో తుడుము డప్పు మోగితే పాట మునిగిపోయేది. ఈ ఏడు కాఫీ బాగా పండింది. ఇంటికి రేకులేయించమని గాసి అన్న భీముడు పోరు పెట్టాడు. “వాన కారితే కుండెట్టుకుంతాం. సెట్టు మాత్రం కొంతాం” అని తెగేసి చెప్పి జీపెక్కాడు గాసి.

కనక దుకాణం మూలకి వేలు చూపించింది. అక్కడ ఏదో రిసార్టు వాళ్లు ఆర్డరిచ్చి తీసుకోకుండా వదిలేసిన విదేశీ సెట్టు ఉంది. డెక్కు వేరు, ఆంప్లిఫయర్ వేరు, నడుమెత్తు స్పీకర్లు.

“అది మీలాంటోళ్లకి కాదు” అన్నాడు సర్వేశ్వరరావు.

“మాలాంటోళ్లంటే?”

“అది కాదయ్యా... ఏ పాటకి అంత సెట్టు? ఆ కొండపాటకా? పాడినదాని గొంతే బొంగురు. సెట్టుదేం తప్పు?”

గాసి పిడికిలి బిగుసుకుంది. కనక అతని చెయ్యి పట్టి వెనక్కి లాగింది. ముందుకొచ్చి క్యాసెట్‌ని సావుకారి బల్ల మీద ఠపీమని పెట్టింది. కళ్లు దించలేదు. చివరికి సర్వేశ్వరరావే దించుకున్నాడు.

“సెట్టు ఇప్పు సావుకారూ. కాఫీ పండించినోళ్లం, కొనుక్కోలేమా? ఇప్పకపోతే ఇక్కడే కూకుంతాం” అన్నాడు గాసి.

సావుకారు గొణుక్కుంటూ వైర్లు తగిలించాడు. బాస్ బాగా పెంచి, “చూడు మరి దెబ్బ!” అన్నాడు. కనక వచ్చి బాస్ తగ్గించింది. గోడకి ఆనించిన స్పీకర్లను తనే ముందుకి జరిపింది, ఒకదానికొకటి దూరం పెట్టింది. వాటికి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

ఇటుకల పండగనాడు ఊళ్లో ఎవరో రికార్డు చేసిన పాట అది. ముందు తుడుము మోగింది. ఎడమ పక్కనుంచి అందెల చప్పుడు వచ్చింది. వాటన్నిటి మీంచి ఒక ఆడగొంతు లేచింది. బొంగురే. కానీ ఆమె ఊపిరి తీసుకున్న చోటు తెలిసింది. ఎవరో ఏదో అంటే నవ్వాపుకుంటూ పాడిన చోటు తెలిసింది.

కనక లేచి వాల్యూమ్ పెంచింది. సావుకారు వారించబోతే చెయ్యి అడ్డం పెట్టి ఇంకా పెంచింది. సంతకి పోయేవాళ్లు రోడ్డు మీద ఆగిపోయారు. ఆమె కళ్లు ధారగా కారుతున్నాయి, గడ్డం మాత్రం పైకే ఉంది. గాసి ఆమె ముఖంకేసే చూస్తూ నిలబడ్డాడు. పాట అయిపోయాక ఆమె అతనివైపు తిరిగి తలూపింది.

“ఇదే. కట్టీ” అన్నాడు గాసి.

సర్వేశ్వరరావు క్యాసెట్ బయటికి తీశాడు. “నిజమేనయ్యా, ఏదో ఉంది ఆ గొంతులో. ఎవరిది?”

“మా ఊరి మనిసిదే.”

“బతికే ఉందా?”

“నిచ్చేపంలా ఉంది.”

“మరింకేటి! పిలిచి పాడించుకోక ఈ సెట్టెందుకు?”

గాసి అట్టపెట్టెకి తాడు బిగిస్తున్నాడు. సర్వేశ్వరరావు మొదటిసారి కనకవైపు తిరిగాడు.

“ఏవమ్మా, పొద్దున్నించీ ఒక్క మాటా ఆడవు. నువ్వైనా చెప్పు, ఎవరా పాడింది?”

కనక తన గుండె మీద చెయ్యి వేసుకుంది.

“దాని గొంతే బాబూ, వైజాగ్‌లో డాక్టర్లు కోసి తీసీసినారు” అన్నాడు గాసి.