ఓదెలు దీక్ష

మానేరు వంతెన సగం దాటేసరికే విజయకు ఆయాసం వచ్చింది. అయినా ఆగలేదు. చుడుతున్న బీడీల చాటను అట్లాగే వదిలేసి వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు దాటింది, బస్సులు లేవు. తంగళ్ళపల్లి నుంచి సిరిసిల్లకు నడవాల్సిందే.

పక్కింటి నర్సింగం పొద్దున్నే వాకిట్లో నిలబడి చెప్పిపోయాడు. సిరిసిల్ల సమ్మె శిబిరంలో ఇన్నాళ్లూ నడిచింది రిలే దీక్ష. పదింటికి కూర్చోవడం, సాయంత్రం ఐదింటికి నిమ్మరసం తాగి లేవడం. రేపటి నుంచి ఆమరణ దీక్ష పెడుతున్నారట. పేర్లిచ్చిన వాళ్లలో మొదటి పేరు ఆమె భర్త ఓదెలుదేనట.

ఓదెలు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే కార్మికుడు. ఒక్కడే ఎనిమిది సాంచాలు నడిపేవాడు. ఆషాఢంలో వారం రోజులు విషజ్వరం పట్టుకుంది. జ్వరమైతే తగ్గింది గానీ మనిషి తేరుకోలేదు. నిద్ర లేవగానే రాత్రంతా బండలు మోసినవాడిలా ఉండేవాడు. మడమలు, వేళ్ల కణుపులు సలిపేవి. స్నానం చేసి వస్తే చాలు, గంటసేపు గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవాడు. చెప్పబోయిన మాట మధ్యలోనే మరిచిపోయేవాడు.

విజయ పుట్టిల్లు సారంగాపూర్. అతన్ని అక్కడికి తీసుకుపోయి, దగ్గర్లోని జగిత్యాలలో పేరున్న డాక్టరుకు చూపించింది. రక్తపరీక్షలన్నీ చేశారు. ఏమీ లేదన్నాడాయన. పడుకుంటే ఒళ్లు ఇంకా మొద్దుబారుతుంది, పనిలోకి పంపమన్నాడు. ఏమీ లేనివాడు రోజురోజుకూ ఎందుకు కరిగిపోతున్నాడో ఆమెకు అర్థం కాలేదు. పేరు చెప్పరాని రోగమేదో ఉంటే డాక్టరు దాచాడేమోనని భయపడింది. ఆ భయం అత్త లక్ష్మవ్వకు కూడా చెప్పుకోలేదు. డాక్టరు చెప్పింది మాత్రం మందులా పాటించింది. పొద్దున్నే రెండు రెక్కలు పట్టుకుని కూర్చోబెట్టేది. నడిపించేది. సాంచాల మీదికి పంపింది. మూడోరోజు సాంచాల నడుమనే కూలబడితే, కార్ఖానా ఆసామి ఆటోలో ఇంటికి పంపించాడు.

ఇంతలో సమ్మె వచ్చింది. ఎన్నడూ ఒక మీటింగుకు పోని ఓదెలు తానే అంగీ తొడుక్కుని, శిబిరం వాళ్ల ఆటో ఎక్కిపోయాడు. నలుగురిలో తిరిగితే మంచిదేనని విజయ సంతోషపడింది. ఆ రోజు మరమగ్గాల కార్మికుల దీక్ష. మర్నాడు హమాలీలది. ఆ మర్నాడు ఆటో డ్రైవర్లది. ఎవరి వంతయినా ఓదెలు వాళ్లతో కూర్చునే ఉన్నాడు. మెడలో దండతో పేపర్లో ఫోటో పడింది. లక్ష్మవ్వ దాన్ని వాడంతా తిప్పి చూపించింది.

విజయకు మాత్రం దిగులు పట్టుకుంది. అన్నం తిన్నా నిలబడలేని మనిషి, పస్తుంటే ఏమవుతాడు? అంతకంటే ఆమెను ఎక్కువ భయపెట్టింది అతని ముఖం. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఆ ముఖంలో ఏదో నిమ్మళం ఉండేది. తెలంగాణ కోసం ప్రాణాలు తీసుకుంటున్న పిల్లల సంగతి ఆమె రోజూ టీవీలో వింటూనే ఉంది. గట్టిగా నిశ్చయించుకున్నవాళ్లు ఇట్లాగే ఉంటారేమో అనిపించేది. ఎందుకు పోతున్నావని ఒకసారి అడిగింది. "గాడ పానం మంచిగుంటది" అన్నాడు. మళ్లీ అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

శిబిరం దగ్గర డప్పులు మోగుతున్నాయి. శిబిరం నడిపే గంగారాం ఆమెను గుర్తుపట్టి ఎదురొచ్చాడు. ఓదెలు పేరు కొట్టెయ్యమని విజయ రెండు చేతులూ జోడించింది.

"మేం వద్దనే అన్నం చెల్లె" అన్నాడు గంగారాం. "పానం బాగలేదు, నీతోని కాదన్నం. కాళ్లు పట్టుకున్నంత పని జేసిండు. ఎన్ని దినాలైనా ఉంటనన్నడు. గసొంటి మనిషిని నేను సూడలే."

ఎన్ని దినాలైనా అంటే ఏమిటో ఆమెకు తెలుసు.

వేదిక మీద పరుపులు పరిచి ఉన్నాయి. గోడవైపు చివరి పరుపు మీద ఓదెలు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మెడలో బంతిపూల దండ. కళ్లు మూసి ఉన్నాయి. విజయ అతని గుండె మీద చెయ్యి పెట్టి చూసింది. కొట్టుకుంటోంది. అప్పుడు గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు.

ఆమె అతని పక్కనే కూలబడింది. ఏడవకూడదనుకుంది, ఆగలేదు. ఇంత పోరాటంలో నీ ఒక్క ప్రాణం తక్కువైందా అని అడిగింది. నాయన ఏడని బిడ్డ అడిగితే ఏం చెప్పాలంది. రాష్ట్రం వస్తే చూడటానికి నువ్వు ఉండాలి కదా అంది. ఓదెలు కళ్లు తెరిచి వింటున్నాడు. ఆమెకు ఇంక మాటలు దొరకలేదు. అలవాటైన తీరునే అతని రెండు రెక్కలు పట్టుకుంది.

"లెవ్వు. ఇంటికి పోదాం, లెవ్వు."

ఓదెలు కదల్లేదు. తల తిప్పి అటూ ఇటూ చూశాడు. గంగారాం దూరంగా ఉన్నాడు. పక్క పరుపు మీది ముసలాయన నిద్రపోతున్నాడు. ఎవరూ వినడం లేదని రూఢి చేసుకున్నాక, ఆమె చెవి దగ్గరికి జరిగి, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా మెల్లగా అన్నాడు.

"గీడ పండుకుంటె ఎవ్వలు లెవ్వమనరు, విజయా."